గల్ఫ్ గృహ కార్మికుల స్వదేశాగమనం

గల్ఫ్ దేశాల్లో ఇంటిపనికి వెళ్లి ఏజెంట్ల మోసానికి, యజమానుల నిర్బంధానికి గురైన స్త్రీలను విడిపించి స్వదేశం చేర్చే ప్రక్రియ. కడప, అన్నమయ్య, గోదావరి జిల్లాల నుంచి కువైట్‌కు సాగిన వలసతో దీనికి దగ్గరి సంబంధం ఉంది.

నేపథ్యం
1970ల చమురు సంపదతో గల్ఫ్‌లో ఇంటిపనివారికి గిరాకీ పెరిగింది. అక్కడి కఫాలా విధానంలో పనిమనిషి నివాస అనుమతి కఫీల్, అంటే పూచీదారు అయిన యజమాని చేతిలో ఉంటుంది. కువైట్‌లో ఇంటిపనికిచ్చేది 20వ నంబరు వీసా. వాడుకలో ఖద్దామా వీసా. పాస్‌పోర్టు యజమాని దాచేయడం, జీతం ఆపేయడం, ఏజెన్సీకి కట్టిన సొమ్ము తిరిగిస్తేగాని వదలననడం తరచూ వినిపించే ఫిర్యాదులు. ఇల్లు విడిచి బయటపడితే పరారీ కేసు పడుతుంది.

చట్టాలు, నిధులు
భారత వలస చట్టం 1983లో వచ్చింది. వలస అనుమతి అవసరమైన పాస్‌పోర్టుతో ఇంటిపనికి వెళ్లే స్త్రీకి 30 ఏళ్లు నిండాలన్న నిబంధన తరువాత అమలైంది. దాన్ని తప్పించుకోవడానికి ఏజెంట్లు విజిట్ వీసాలు వాడారు. అలా వెళ్లినవారి వివరాలు వలస శాఖ రికార్డుల్లోకి ఎక్కవు. 2009లో భారత సమాజ సంక్షేమ నిధి ఏర్పడ్డాక రాయబార కార్యాలయాలు బాధితులకు ఆశ్రయం, న్యాయసాయం, విమాన టికెట్టు ఇవ్వగలిగాయి. ఫిర్యాదుల కోసం 2015లో మదద్ పోర్టల్ వచ్చింది. 2016 నుంచి వలస అనుమతి అవసరమైన స్త్రీల నియామకాలను ఆంధ్రప్రదేశ్‌లోని ఓంక్యాప్ వంటి ప్రభుత్వ సంస్థలకే పరిమితం చేశారు.

కువైట్ 2015లో చేసిన 68వ చట్టం రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదని, వారానికో సెలవు ఇవ్వాలని, పాస్‌పోర్టు ఉంచుకోకూడదని చెప్పింది. గృహ కార్మికులపై భారత్ 2014లో సౌదీ అరేబియాతో, 2021లో కువైట్‌తో ఒప్పందాలు చేసుకుంది.

తిరుగు ప్రయాణం
బాధితురాలు రాయబార కార్యాలయం చేరితే, పాస్‌పోర్టు లేకపోయినా ఒక్క ప్రయాణానికి పనికొచ్చే అత్యవసర ధ్రువపత్రం ఇస్తారు. వలస కార్మికులు దీన్ని ఔట్‌పాస్ అంటారు. అది చేతికొచ్చినా పరారీ కేసు తేలి, స్థానిక అధికారులు నిష్క్రమణకు అనుమతిస్తేనే విమానం ఎక్కగలరు. 2018, 2020, 2024లలో కువైట్ ప్రకటించిన క్షమాభిక్షల్లో నివాస అనుమతి గడువు దాటినవారు జరిమానా లేకుండా వెళ్లే వీలు కలిగింది.

పరిమితులు
ఈ ఏర్పాట్లు ప్రయాణ ఖర్చు భారాన్ని చాలావరకు తీర్చాయి. రావలసిన జీతం మాత్రం అంత సులభంగా చేతికి రాదు. కేసు వేసి అక్కడే నిలవలేక, బాకీ వదులుకుని వచ్చేసేవారు ఇప్పటికీ ఉన్నారు.