చింబొరాజో మీద రెండు సత్రాలు

ఈక్వడార్ దేశంలో చింబొరాజో అనే అగ్నిపర్వతం మీద రెండు సత్రాలున్నాయి. కిందిది సుమారు 4,850 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడిదాకా జీపు పోతుంది. పైది ఇంకో నూట యాభై మీటర్లు పైన. అక్కడికి నడిచే పోవాలి. పై సత్రం పేరు వింపర్. 1880లో ఈ శిఖరాన్ని తొలిసారి ఎక్కిన ఇంగ్లీషు ఆయన పేరు అది. కింది సత్రం పేరు కారెల్. వింపర్‌ని అంత పైకి తీసుకెళ్ళిన గైడుల ఇంటిపేరు అది.

మొదటిసారి ఈ సంగతి విన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. డబ్బు పెట్టినవాడికి పై సత్రం, దారి చూపినవాడికి కింది సత్రం! కానీ ఆలోచిస్తే, ఒక గైడు పేరు ఒక కట్టడానికి దక్కడమే చిన్న విషయం కాదు. చింబొరాజో చరిత్రలో అంతకుముందు కొండ దారి చూపినవాళ్ళ పేర్లు చాలావరకు ఎక్కడా లేవు.

నేను నలుగురు స్నేహితులతో కలిసి రెండు వారాల సెలవు మీద అక్కడికి వెళ్ళాను. ఈక్వడార్‌లో మంచు పేరుకున్న శిఖరాలకు గైడు లేకుండా పోనివ్వరు. ఒక గైడు, ఆయన తాడుకి ఇద్దరు. అదీ లెక్క. ఈ యాత్రలన్నీ ఒకే పద్ధతిలో సాగుతాయి. ముందు 2,850 మీటర్ల ఎత్తున్న క్విటో నగరంలో రెండు రోజులు ఊరికే తిరగాలి. తర్వాత రుకు పిచించా, 4,696 మీటర్లు. ఆపైన ఇలినీసా ఉత్తర శిఖరం, 5,126. తర్వాత కొటొపాక్సి, 5,897. చివరికి చింబొరాజో, 6,263. పగలు ఎత్తుకి ఎక్కడం, రాత్రి కిందికి దిగి పడుకోవడం. ఒంట్లో రక్తం నెమ్మదిగా ఆ గాలికి అలవాటు పడుతుంది. తొందరపడితే తలనొప్పి, వాంతులు. ఇంకా తొందరపడితే ఊపిరితిత్తుల్లోకి నీరు.

ఈ చివరి కొండ గురించి నేను ముందే చాలా చదువుకుని వెళ్ళాను. ఎందుకంటే ఒకప్పుడు ప్రపంచంలో అన్నిటికంటే ఎత్తైన కొండ ఇదేనని యూరప్ వాళ్ళు నమ్మేవారు. హిమాలయాల కొలతలు బయటికొచ్చాక, 19వ శతాబ్దం మొదట్లో ఆ పట్టం పోయింది. కానీ ఇంకో పట్టం మిగిలింది. భూమి నడుమ దగ్గర ఉబ్బి ఉంటుంది కదా. చింబొరాజో భూమధ్యరేఖకు ఒకటిన్నర డిగ్రీ దక్షిణాన ఉంది. అందుకని భూమి కేంద్రం నుంచి కొలిస్తే ఎవరెస్టు కన్నా సుమారు రెండు కిలోమీటర్లు ఎక్కువ దూరంలో ఉండేది ఈ శిఖరమే.

భూమి అలా ఉబ్బి ఉందా లేదా తేల్చడానికే 1736లో ఫ్రెంచి శాస్త్రజ్ఞులు క్విటో వచ్చారు. వారిలో బుగేర్, లా కొండమీన్ 1738లో చింబొరాజో పక్కన గుండు కట్టిన దారం వేలాడదీసి, ఆ కొండ బరువు గుండును తనవైపు ఎంత లాగుతుందో కొలవాలని చూశారు. మంచులో, గాలిలో ఆ పరికరాలను మోసినవాళ్ళ పేర్లు మనకు తెలియవు.

ఇది మనకు కొత్త కథ కాదు. ఇలాంటి కొలతే తర్వాత మన నేల మీదా జరిగింది. లాంబ్టన్ మొదలుపెట్టిన భారత సర్వే తెలుగు ప్రాంతాల మీదుగానే ఉత్తరానికి సాగింది. ఆయన దగ్గర చేరిన జార్జ్ ఎవరెస్ట్ 1819లో కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో పనిచేస్తూ జ్వరం పాలయ్యాడు. ఆయన బృందంలో చాలామంది మంచాన పడ్డారు, కొందరు ప్రాణాలే పోగొట్టుకున్నారు. ఎవరెస్ట్ పేరు ప్రపంచంలో అతి ఎత్తైన శిఖరానికి దక్కింది. ఆ అడవిలో జెండాలు పట్టుకుని గుట్టలెక్కిన ఖలాసీల పేర్లు మాత్రం మనలో ఎవరికీ తెలియవు.

మళ్ళీ చింబొరాజోకి వస్తాను. 1802 జూన్ 23న అలెగ్జాండర్ హంబోల్ట్ ఈ కొండెక్కాడు. వెంట వృక్షశాస్త్రవేత్త బోన్‌ప్లాన్, క్విటో ప్రభువు కొడుకు కార్లోస్ మోంటుఫార్ ఉన్నారు. మంచు మొదలయ్యేచోట స్థానిక గైడులు వెనుదిరిగారు. ఒక్కడు మాత్రం ఆగాడు. శాన్ హువాన్ అనే ఊరివాడు, మిశ్రమ జాతివాడు. చిగుళ్ళ నుంచి రక్తం కారుతుండగా, కళ్ళు ఎర్రబడి, ఇరుకైన గట్టు మీద నలుగురూ పాకుతూ వెళ్ళారు. చివరికి దాటలేని ఒక అగాధం అడ్డొచ్చింది. తాము దాదాపు 5,900 మీటర్లు చేరామని హంబోల్ట్ లెక్కకట్టాడు. అంత ఎత్తు కాదని తర్వాతివాళ్ళ అంచనా. ఏమైనా, శిఖరం చేరని ఆ ఎక్కుడుతోనే ఆయన యూరప్ అంతా పేరు పొందాడు. ఏ ఎత్తులో ఏ మొక్క పెరుగుతుందో చింబొరాజో బొమ్మ మీదే గుర్తించి 1807లో అచ్చువేశాడు.

ఆ నాలుగోవాడు? తమకంటే అతనే ఎక్కువ బాధపడ్డాడని హంబోల్ట్ రాశాడు. ఊరు రాశాడు, జాతి రాశాడు. పేరు రాయలేదు.

డెబ్బై ఎనిమిదేళ్ళ తర్వాత వింపర్ వచ్చాడు. ఆయన వెంట ఇటలీ కొండవాళ్ళు ఇద్దరు, జాన్ ఆంటోయిన్ కారెల్, ఆయన బంధువు లూయీ కారెల్. పెద్ద కారెల్, వింపర్ పాత ప్రత్యర్థులు. 1865లో ఆల్ప్స్‌లోని మాటర్‌హార్న్ శిఖరం కోసం ఇద్దరూ పోటీ పడ్డారు. జులై 14న వింపర్ బృందం గెలిచింది, కానీ దిగేటప్పుడు అందులో నలుగురు జారిపడి చనిపోయారు. మూడు రోజులకు కారెల్ ఇటలీ వైపు నుంచి ఎక్కాడు. పదిహేనేళ్ళు గడిచాక, ఆండీస్‌కి ఎవరిని తీసుకెళ్ళాలి అన్న ప్రశ్న వచ్చినప్పుడు వింపర్ వెళ్ళి పిలిచింది ఆ ప్రత్యర్థినే.

చింబొరాజో మీద వాళ్ళ రెండో మకాం దాదాపు 5,080 మీటర్ల దగ్గర. ఇప్పటి పై సత్రం కంటే కాస్త ఎత్తు. అక్కడికి చేరగానే ముగ్గురికీ తల పగిలిపోయే నొప్పి, జ్వరం, ఊపిరి ఆడకపోవడం. ఆల్ప్స్‌లో పేరుమోసిన ముగ్గురూ పడకేశారు. మేము డయామాక్స్ మాత్రలు మింగి, వేలికి ఆక్సిజన్ మీటరు తగిలించుకుని పడిన అవస్థే వాళ్ళు ఏమీ లేకుండా పడ్డారు. 1880 జనవరి 4న శిఖరం ఎక్కారు. ముందు పక్క గుమ్మటాన్ని ఎక్కి, అది కాదని తెలిసి, మెత్తని మంచులో కూరుకుపోతూ అసలు శిఖరానికి మళ్ళారు. దిగేసరికి చీకటి పడింది. లూయీ పాదాలు మంచు తిని పాడయ్యాయి.

ఇంత చేసినా ఈక్వడార్‌లో కొందరు నమ్మలేదు. అందుకని అదే ఏడాది జులై 3న వింపర్ ఇంకో దారిలో మళ్ళీ ఎక్కాడు. ఈసారి ఇద్దరు ఈక్వడార్ వాళ్ళను వెంట తీసుకెళ్ళాడు: దావీద్ బెల్త్రాన్, ఫ్రాన్సిస్కో హవియేర్ కంపాన్యా. ఆ ఉదయమే సుమారు వంద కిలోమీటర్ల దూరంలో కొటొపాక్సి బద్దలైంది. నల్లటి పొగ స్తంభంలా లేచి, మధ్యాహ్నానికి గాలిలో కొట్టుకొచ్చి, శిఖరం మీద ఉన్న ఈ ఐదుగురి నెత్తిన బూడిదగా రాలింది. తెల్లటి మంచు దున్నిన చేనులా మారింది. తర్వాత గుయాకిల్‌లో బ్రిటిష్ కాన్సుల్ ఎదుట కంపాన్యా సాక్ష్యం ఇచ్చాడు. దాన్ని వింపర్ తన పుస్తకంలో చేర్చాడు.

ఈ రెండు కథలనూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు నాకొకటి తట్టింది. హంబోల్ట్ మాటను ఎవరూ సందేహించలేదు. కాబట్టి శాన్ హువాన్ మనిషి పేరుతో ఆయనకు పని పడలేదు. వింపర్‌ని సందేహించారు. కాబట్టి బెల్త్రాన్, కంపాన్యా పేర్లు చరిత్రకెక్కాయి. కొండ ఎక్కినందుకు కాదు, సంతకం అవసరమైనందుకు.

ఇదంతా విమానంలోనే స్నేహితులకు ఆవేశంగా చెప్పాను. ఆ తర్వాత జరిగింది కూడా చెప్పాలి.

కొటొపాక్సి సాఫీగా అయింది. తెల్లారేసరికి బిలం అంచున నిలబడ్డాం. గంధకం వాసనకు పావుగంట ఉండలేకపోయాం. వింపర్ అక్కడే డేరా వేసుకుని ఇరవై ఆరు గంటలు ఉన్నాడట! చింబొరాజోకి రాత్రి పది గంటలకు కింది సత్రం నుంచి బయల్దేరాం. అక్కడ రాత్రే నడవాలి. రాళ్ళను పట్టి ఉంచేది మంచే కాబట్టి, ఎండకు అది కరిగితే రాళ్ళు దొర్లుతాయి. ఆ రాత్రి చలి తక్కువగా ఉంది. మాకది అదృష్టంలా తోచింది. ఎల్ కాస్తియో అనే బండల కిందికి చేరేసరికి ఒంటిగంట దాటింది. మా గైడు చేయెత్తి ఆపి, హెడ్‌లైటు ఆర్పి, చెవి ఒగ్గాడు. చీకట్లో ఎక్కడో రాయి రాయికి తగిలిన చప్పుడు. కాసేపటికి ఇంకోటి.

"ఇక్కడితో ఆపేద్దాం," అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. ఏడాదిపాటు తెల్లవారుజామున లేచి, వీపున నీళ్ళ సీసాలు మోస్తూ మెట్లెక్కిన మనిషిని. ఈ వయసులో మళ్ళీ వస్తానన్న నమ్మకం లేదు. "ఇంకో గంట చూద్దాం, దీనికోసమే కదా మేం డబ్బు కట్టింది," అనేశాను. ఆయన కోప్పడలేదు. "మీరు కట్టింది పైకి తీసుకెళ్ళడానికే కాదు," అని తాడు సర్దుకున్నాడు. దిగుతుండగా వెనక పెద్ద చప్పుడొకటి వినిపించింది. మేం నిలబడ్డ చోటే పడిందో, ఇంకెక్కడ పడిందో తెలియదు.

నాలుగింటికి సత్రం చేరాం. బయట, కొండ మీద పోయినవాళ్ళ గుర్తుగా నిలబెట్టిన రాళ్ళున్నాయి. లోపల టీ తాగుతుంటే గోడ మీద కారెల్ పేరు కనిపించింది. 1890 ఆగస్టులో ఆయన మాటర్‌హార్న్ మీద తుఫానులో చిక్కుకున్నాడు. అప్పటికి అరవై దాటాయి. తనను నమ్మి వచ్చిన సంగీతకారుణ్ణి, తోటి గైడునీ గంటల తరబడి కిందికి నడిపించాడు. ఇక ప్రమాదం లేని చోటికి చేర్చాక, అక్కడే కూలిపోయి ప్రాణం విడిచాడు. ఈ కథ నాకు ముందే తెలుసు. కానీ ఆ రాత్రి బండల కింద అది గుర్తురాలేదు. పేరు రాయని హంబోల్ట్ మీద కోపం తెచ్చుకున్నవాణ్ణి, నా ముందున్న మనిషిని నా శిఖరానికి అడ్డంగా చూశాను.

తెల్లవారాక క్షమాపణ చెప్పాను. మా యాత్ర గురించి తెలుగులో రాస్తాను, మీ పేరు వేయమంటారా అని అడిగాను. "వెనక్కి తిప్పిన రోజు పేరెందుకు? ఎక్కించిన రోజు రాయండి," అని నవ్వాడు. అందుకే రాయడం లేదు.

కిందికి వస్తూ రియోబాంబా బజారులో ఆగాం. ఒకప్పుడు చింబొరాజో మంచుగడ్డను కోసి, గడ్డిలో చుట్టి, గాడిదల మీద అక్కడికి తెచ్చేవారు. పళ్ళరసాల్లో వేయడానికి. ఆ పని చేసినవాళ్ళలో చివరివాడు బాల్తసార్ ఉష్కా. 2024లో చనిపోయాడు. వారం వారం ఆ మంచుదాకా ఎక్కి దిగాడు, దశాబ్దాలపాటు. సినిమావాళ్ళు వచ్చి తీశారు కాబట్టి ఆయన పేరు మనకు తెలిసింది. ఆయన వెనక ఎన్ని తరాలో!

మీలో ఎవరైనా అటువైపు వెళితే, కింది సత్రంలో ఒక టీ ఎక్కువ తాగండి. పైకి వెళ్ళడం కుదిరినా, కుదరకపోయినా.