సెంట్-హ్యుబేర్ భోజనశాల : క్యుబెక్ ఫ్రెంచివారి చరిత్రలో ఒక పుట

జాతుల చరిత్రను వ్రాయువారు రాజులను, యుద్ధములను, శాసనములను వెదకుట వాడుక. భోజనశాలలను వెదకువారు అరుదు. అయినను, అన్యభాషల నడుమ తరతరములుగా కాపురమున్న మనవంటివారికి, అంగడివీధిలో స్వభాషాక్షరములతో ఒక పలక కనబడుట ఎంతటి విషయమో వేరుగా చెప్పనక్కరలేదు. బెంగుళూరులోనో చెన్నపట్టణములోనో ‘ఆంధ్ర భోజనము’ అను పలకను చూచి ఒక్క క్షణమైన నిలువని తెలుగువాడు ఉండునా? అట్టి పలక యొకటి కెనడా దేశమున, క్యుబెక్ రాష్ట్రమున, అరువదియైదేండ్లు ఒకే కుటుంబము చేతిలో నిలిచి, పిదప పరుల చేతికి పోయిన వృత్తాంతమును పాఠకుల ముందుంచుచున్నాము.

ఫ్రెంచివారు 1608లో క్యుబెక్ పట్టణమును, 1642లో మాంట్రియల్ పట్టణమును స్థాపించిరి. సప్తవర్ష సంగ్రామానంతరము 1763లో జరిగిన పారిస్ సంధిచే కెనడా బ్రిటిష్‌వారి పాలయ్యెను. ఈ సంధి మనకు బొత్తిగా సంబంధము లేనిది కాదు. దాని వలననే యానాం మొదలగు స్థావరములు ఫ్రెంచివారికి తిరిగి దక్కినవి. యానాంలో ఫ్రెంచి జెండా 1954 వరకు ఎగిరినది. కాని అచటి ప్రజల ఇండ్లలో తెలుగే నిలిచినది. క్యుబెక్‌లో జెండా అంతకు చాలకాలము ముందే దిగిపోయినది. కాని ఇండ్లలో ఫ్రెంచి నిలిచినది. ఒకే సంధిపత్రము రెండు ఖండములలో ఒకే పాఠమును చెప్పుచున్నది. దొరతనములు మారినంత మాత్రమున వంటింటి భాష మారదు.

అయితే వంటింటి భాష వేరు, వర్తకపు భాష వేరు. ఇరువదవ శతాబ్దపు నడుమ మాంట్రియల్‌లో జనసంఖ్యలో ఫ్రెంచివారే అధికులు. బ్యాంకులు, పెద్ద కంపెనీలు, పెద్ద దుకాణములు మాత్రము చాలవరకు ఇంగ్లీషువారివి. తమ రాష్ట్రమున ఎక్కువమందియై, దేశము మొత్తముమీద తక్కువమందియైన ఆ ప్రజలు, ఇంట ఒక భాషయు కొలువులో మరియొక భాషయు మాటలాడవలసి వచ్చెను.

అట్టి కాలమున, 1951లో, రెనే లెజే, ఎలెన్ లెజే అను దంపతులు మాంట్రియల్‌లోని సెంట్-హ్యుబేర్ వీధిలో ఒక భోజనశాలను తెరచిరి. వీధి పేరే శాలకు పేరైనది. వారి ముఖ్యవంటకము ఊచకు గ్రుచ్చి, నిప్పునెదుట త్రిప్పుచు కాల్చిన కోడి. ఇట్లు వండిన మాంసమునకు మన అమరకోశమున ‘శూల్యము’ అను పేరు కలదు. ఊచ ఎడతెగక తిరుగుచుండుటచే కోడి కొవ్వు కరగి క్రింద పడిపోక దాని మీదనే ప్రాకును. అందువలన పైచర్మము ఎర్రగా కరకరలాడును, లోని మాంసము మెత్తగా నుండును. దీనితో వేచిన బంగాళాదుంపలు, సన్నగా తరిగిన క్యాబేజీ పచ్చడి, కాల్చిన చిన్న రొట్టె, ముంచుకొనుటకు గోధుమవన్నె పులుసు వడ్డింతురు. రాజుల విందు కాదు. కూలివాడు కుటుంబముతో వచ్చి తినదగిన భోజనము.

తొలినాళ్లలోనే వారు పసుపుపచ్చని చిన్న మోటారుబండ్లలో కోడిని ఇండ్లకు ఉచితముగా చేర్చు పద్ధతి పెట్టిరి. మాంట్రియల్ శీతకాలపు మంచులో ఆ పసుపుబండి వాకిట నిలిచెనన్న పిల్లలకెంత సంబరమో ఊహించుకొనవచ్చును. తరువాత తమ పులుసును డబ్బాలలో నింపి కిరాణాదుకాణములకు పంపిరి. భోజనశాలకు రాలేనివారి ఇండ్లకు సైతము దాని రుచి చేరెను. ఒక వీధి శాల అనేక శాఖలై, నవ్వుచున్న కోడిపుంజు బొమ్మ క్యుబెక్ అంతట తెలిసిన గురుతయ్యెను. లెజే దంపతుల పిదప వారి కుమారుడు జాఁ-పియేర్ లెజే దానిని నడిపెను.

ఈ నడుమనే ఆ రాష్ట్రమున పెద్ద మార్పులు వచ్చినవి. 1962 ఎన్నికలలో జాఁ లెసాజ్ పక్షము ‘మన యింట మనమే యజమానులము’ అను అర్థము గల నినాదముతో గెలిచెను. మరుసటి యేట విద్యుత్తు కంపెనీలు రాష్ట్రము వశమైనవి. 1977లో ఫ్రెంచిభాషా శాసనము వచ్చి, దుకాణపు పలకలపై ఫ్రెంచి తప్పనిసరి యయ్యెను. లెజే దంపతుల శాల ఈ చట్టమునకు ఇరువదియారేండ్లు పెద్దది. చిత్రమేమనగా, ఆ శాల పలకపై ‘బార్-బి-క్యు’ అను ఇంగ్లీషు మాట చిరకాలము నిలిచెను. ఎరవు మాట ఒకటి చేరినంతనే భాష చెడదు. వడ్డించువారును తినువారును దానిని మరచిన నాడే చెడును.

2016 మార్చిలో లెజే కుటుంబము ఈ సంస్థను 53 కోట్ల 70 లక్షల కెనడా డాలర్లకు ఆంటారియో రాష్ట్రపు కారా కంపెనీకి అమ్మనున్నట్లు వెల్లడియయ్యెను. టొరాంటోలో 1954లో పుట్టి, ఇదే రీతి కోడిని వడ్డించు స్విస్ షాలే భోజనశాలలు కూడ ఆ కంపెనీవే. పోటీదారు చేతికే ఇల్లు చిక్కినదని పలువురు నొచ్చుకొనిరి. అంతకు ముందు నెలలోనే క్యుబెక్‌వారి రోనా అను గృహనిర్మాణ సామగ్రి సంస్థను అమెరికా కంపెనీ యొకటి కొననున్నదని తెలిసియుండుటచే ఆ నొప్పి ఇబ్బడి అయ్యెను. కారా కంపెనీ ప్రధాన కార్యాలయమును క్యుబెక్‌లోనే ఉంచెదమని మాట ఇచ్చెను. 2018లో ఆ కంపెనీయే పేరు మార్చుకొని రెసిపి అన్‌లిమిటెడ్ అయినది. సెంట్-హ్యుబేర్ పేరు మాత్రము మారలేదు.

‘పేరున్నది, రుచియున్నది, భాషయున్నది, ఇక పోయినదేమి?’ అని కొందరందురు. ‘నిర్ణయము చేయు కుర్చీ పోయినది’ అని మరికొందరందురు. ఇరువురి మాటయు కొంత నిజమే. కాని మాకు తోచునది ఇది : కొన్న కంపెనీ ఆ ఫ్రెంచి పేరును దయదలచి నిలుపలేదు. 80 లక్షలకు మించిన ఆ రాష్ట్ర జనులలో అధికసంఖ్యాకులు తమ భోజనమును ఫ్రెంచిలోనే అడుగుదురు గనుక నిలిపినది. యజమాని మారినను అడుగు నోరు మారలేదు.

మనకు అంతటి సంఖ్యాబలము లేదు. మనమున్నచోట మన భాషకు చట్టబలమును అంతటిది లేదు. బరంపురమందైనను, హోసూరునందైనను, షోలాపురమందైనను మన భారము మన కుటుంబములదే. తాత తెరచిన శాలను మనుమడు అమ్మవచ్చును. అది సంసారపు లెక్క, తప్పుపట్టరాదు. కాని అమ్మకముండగనే, తెలుగు పలక క్రింద కూర్చుండి ఆ పలకను చదువలేని మనుమడు మన యిండ్లలో పెరుగుచున్నాడేమో చూచుకొనవలెను. అంగడి పోయిన మరియొకటి పెట్టుకొనవచ్చును. ‘ఇంకొంచెము పప్పు వేయండి’ అని తెలుగున అడుగు నోరు పోయినచో, మన పలకను నిలుపుటకు ఏ కొనుగోలుదారునికిని కారణముండదు.