తీగెత్రోవల చరిత్రము

దక్షిణమునుండి వచ్చు కొన్ని దూరపు రైళ్లు విశాఖపట్టణము స్టేషనునకు పోకయే ఉత్తరమునకు సాగిపోవును. ఆ స్టేషనులోనికి పోయిన బండి ఇంజనును రెండవ కొనకు మార్చుకొని వచ్చినదారినే వెనుకకు రావలయును. ఆ కాలహరణము తప్పించుటకే ఈ యేర్పాటు. కావున పట్టణమును చూడవచ్చు యాత్రికులు పలువురు దువ్వాడలోనే దిగి, ఉక్కు కర్మాగారపు ప్రాంతమును విడిచి, గాజువాక మీదుగా నగరమంతయు దాటి, ఉత్తరపు కొననున్న కైలాసగిరిని చేరుదురు. దువ్వాడలో దిగువారు చూడగోరు వింతలలో ఈ కొండ యొకటి.

కైలాసగిరి యెత్తు సుమారు 170 మీటర్లు. శిఖరమున తెల్లని శివపార్వతుల విగ్రహములు కలవు. కొండ పాదమునుండి పైకి ఉక్కుత్రాటిని వ్రేలాడు చిన్న గదులలో కూర్చుండి పోవు సాధనమును నగరాభివృద్ధి సంస్థవారు ఈ శతాబ్ది తొలి సంవత్సరములలో నెలకొల్పిరి. కొండకు మోటారుబాట లేకపోలేదు, మెట్లును కలవు. అయినను జనులు రొక్క మిచ్చి తీగెమీదనే పోవగోరిరి. త్వరగా చేరుటకు కాదు. నేల కాళ్లక్రిందికి జారిపోవుచుండ, సముద్రము మెల్లమెల్లగా వెడల్పగుచుండ, ఆ కొలదినిమిషములు ఊరక కూర్చుండి చూచుటకే. ఇది నిర్దోషమైన వేడుక. కాని ఈ వేడుకకు వెనుకనున్న చరిత్ర వేడుకలది కాదు, బరువులది.

మన దేశమున కొండ నెక్కలేనివారిని మనుష్యులే మోసిరి. తిరుమలకు మొదటి ఘాటురోడ్డు 1944లో తెరవబడెను. అంతకు పూర్వము నడువలేని వృద్ధులును, నడువ నిష్టము లేని ధనికులును డోలీలలోనే కొండ యెక్కిరి. పల్లకి మోయు బోయీలకు సమతలమున అలవాటైన అడుగు మెట్లమీద చెల్లదు. ముందువాడు వంగవలయును, వెనుకవాడు కొయ్యను భుజముకంటె పైకెత్తవలయును. లేనిచో లోపలివాడు జారిపడును. రెడ్డిరాజ్య స్థాపకుడగు ప్రోలయ వేమారెడ్డి పదునాల్గవ శతాబ్దమున శ్రీశైలమునకును అహోబిలమునకును సోపానములు కట్టించెను. ఆ దానమును మన కవులును శాసనకర్తలును కొనియాడుట న్యాయమే. ఆ మెట్లమీద ఇతరులను మోసినవారి పేర్లు మాత్రము ఏ శాసనమునను కానరావు.

ఐరోపాలో త్రాటిదారి మొదట పుస్తకమున పుట్టెను. ఫౌస్తో వెరాంజియో అను పండితుడు పదునేడవ శతాబ్ది మొదటి పాదమున ప్రకటించిన యంత్రగ్రంథమున, మనుష్యుడు పెట్టెలో కూర్చుండి త్రాటిమీద నది దాటుచున్న చిత్రమొకటి కలదు. నేలమీదికి దానిని దెచ్చినవాడు ఆడమ్ వీబె. ఇతడు డచ్చి యింజనీరు. 1644లో డాంజిగ్ నగరపు కోటగోడలకు మట్టి కావలసివచ్చెను, మట్టి కొండమీద నుండెను, నడుమ పల్లము. వీబె స్తంభములు నాటి, ఎడతెగని త్రాటి నొకదానిని వానిపై త్రిప్పి, దానికి తట్టలు వ్రేలాడదీసెను. గుఱ్ఱములు త్రాటిని లాగెను. నిండిన తట్టలు వచ్చుచుండ వట్టి తట్టలు వెనుకకు పోవుచుండెను. నేటి తీగెత్రోవలోని ముఖ్యసూత్రమంతయు అప్పుడే యున్నది. లేనిది గట్టి త్రాడు మాత్రమే.

ఆ లోపమును 1834లో విల్‌హెల్మ్ ఆల్బర్ట్ తీర్చెను. జర్మనీలోని హార్ట్జ్ కొండల గనులలో జనుపత్రాళ్లు నాని చివుకుచుండెను. గొలుసులలో ఒక్క కడియము తెగిన బరువంతయు గోతిలో పడుచుండెను. ఆల్బర్ట్ ఇనుపతీగెలను పురిపెట్టి త్రాడు చేయించెను. అందులో ఒక తీగె తెగినను తక్కినవి బరువును నిలుపును. తెగిన తీగె పైకి కనబడి ముందుగా హెచ్చరిక చేయును. తరువాత ఇటువంటి త్రాళ్లమీదనే గనులనుండి బొగ్గును ఖనిజమును లోకమంతట పయనించెను. మొదటి ప్రపంచయుద్ధమున ఆల్ప్సు పర్వతములలో ఇటలీ, ఆస్ట్రియా సేనలు మందుగుండును పైకి, గాయపడినవారిని క్రిందికి తీగెలమీదనే నడపెను.

మనుష్యుని కేవలము చూచుటకై తీగెమీద నెక్కించుట ఇరువదవ శతాబ్దపు పని. స్పెయినులో తోరెస్ కెవెదో అను ఇంజనీరు 1907లో సాన్ సెబాస్తియన్ నగరమువద్ద ఉలియా కొండపై నొక తీగెబండిని నడపెను. అతడే యోచించి చేసిన మఱియొక బండి 1916 నుండి నయాగరా నది సుడిగుండముపై తిరుగుచున్నది.

ఇక కుర్చీల తీగెత్రోవ కథ విచిత్రమైనది. అమెరికాలోని యూనియన్ పసిఫిక్ రైలు కంపెనీ అధ్యక్షుడు హారిమన్, చలికాలమున రైళ్లకు ప్రయాణికులు రావలెనని ఐడహో పర్వతములలో సన్ వ్యాలీ యను మంచుక్రీడల పట్టణమును నిర్మింపజేసెను. ఆటగాడు మంచుమీద పాదపలకలతో జారుట క్షణములలో పని. మరల పైకెక్కుట గడియల పని. దీనికి ఉపాయమును కనుగొన్నవాడు ఆ కంపెనీలోని జేమ్స్ కరన్. ఉష్ణమండలపు రేవులలో అరటిగెలలను కొక్కెములకు తగిలించి తిరుగు త్రాటిమీద ఓడలోని కెక్కించుట అత డెరుగును. ఆ కొక్కెమునకు బదులు కుర్చీ నేల పెట్టరాదని అతని కూహ తోచెను. తోడివా రిది అపాయమనిరి. లారీ ప్రక్కను కుర్చీని కట్టి, మనుష్యుని కాలికి దెబ్బ తగులకుండ అది యెంత వేగమున ఎత్తికొనగలదో పరీక్షించిరి. 1936లో కుర్చీలు నడిచెను. అరటిగెల కూర్చున్న చోట ఆటగాడు కూర్చుండెను. మంచు కరగిన వెనుక ఆ కుర్చీలను ఊరక నిలుపుట నష్టమని యజమానులు గ్రహింపగా, పచ్చిక బయళ్లను చూచుటకు వేసవి యాత్రికు లెక్కిరి. పర్వతముల తీగెత్రోవలు రెండు ఋతువులవైన విధమిది.

వీనిలో భేదములను మన యిండ్ల వస్తువులతోనే చెప్పవచ్చును. నూతి గిలకకు రెండు చేదలు కట్టిన ఒకటి దిగుచుండ రెండవది యెక్కును. పెద్ద పెట్టెలు రెండు ఎదురెదురుగా నడచు తీగెత్రోవ యిట్టిది. రాట్నపు చక్రమునకును కదురునకును నడుమ తిరుగు దారమువలె ఎడతెగక తిరుగు త్రాటికి చిన్న గదులను తగిలించిన అది గొండోలా. స్టేషనులో గదిపట్టు త్రాటిని విడుచును. జనులు నెమ్మదిగా దిగి యెక్కిన పిమ్మట మరల గట్టిగ పట్టుకొనును. సామాన్యపు కుర్చీకి ఈ విడుపు లేదు. అది నిలువదు, ఎక్కువాడే సిద్ధముగ నుండవలయును.

మన దేశమున ఇట్టి పర్వతయానమునకు మిక్కిలి ప్రసిద్ధమైనది కాశ్మీరములోని గుల్మార్గు. అచ్చటి తీగెత్రోవ మొదటి భాగము 1998లోను, అఫర్వాత్ శిఖరమువైపు పోవు రెండవ భాగము 2005లోను తెరవబడెను. రెండవ స్టేషను 3,900 మీటర్లకు పైబడి యున్నది. చలికాలమున జారుడాటగాండ్రు, వేసవిని మైదానపు యాత్రికులు. మంచును సినిమాలలో తప్ప చూడని మన కోస్తా కుటుంబములు అచ్చట బాడుగకోట్లు తొడిగికొని బారులు తీరుట నాకు ముచ్చటగానే తోచును.

కాని ఏడాది పొడుగున నడచు యంత్రమునకు ఏడాది పొడుగున కాపలా కావలయును. గాలివేగము హద్దు మీరిన వెంటనే నిలుపవలయును. విద్యుచ్ఛక్తి పోయిన, గదులను ఇంటికి చేర్చుటకు వేరొక ఇంజను సిద్ధముగ నుండవలయును. త్రాటిలోపలి తీగెలను అయస్కాంత సాధనములతో పరీక్షింపవలయును. 2003 అక్టోబరులో డార్జిలింగు తీగెత్రోవమీద గదులు పడి 4గురు మరణించిరి; దానిని మరల తెరచుటకు 2012 వరకు పట్టెను. 2017 జూనులో గుల్మార్గున పెనుగాలికి కూలిన చెట్టు తగిలి 7గురు చనిపోయిరి. విశాఖవారికి గాలినిగూర్చి వేరుగ చెప్పనక్కరలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను కైలాసగిరి పచ్చదనమును ఒక్క పగటిలో తుడిచివేసెను. టిక్కెట్టు వెల హెచ్చినదని సణుగువారు ఆ వెలలో ఈ కాపలా ఖరీదు కూడ నున్నదని యెరుగరు.

శ్రీశైలమున గుడిచెంతనుండి పాతాళగంగకు దిగు తీగెత్రోవ నేను కైలాసగిరి దానికంటె మిన్నగా తలంతును. స్నానముచేసి వందలకొలది మెట్లు మరల ఎక్కలేని ముసలివారికి అది వేడుక కాదు, అవసరము. ఇతర దేశములలో ఈ మార్పు పెద్దదిగనే జరిగెను. కొలంబియాలోని మెదెయిన్ నగరమున 2004లో కొండవాలు పేదపేటలనుండి నగరపు రైలుకు తీగెత్రోవ వేసిరి. బొలీవియాలో 4,000 మీటర్లకు మించిన ఎల్ ఆల్టోను క్రిందనున్న లా పాజ్‌తో కలుపు తీగెలు 2014లో నడక సాగించెను. కూలివాండ్రును విద్యార్థులును దినమును వానిమీదనే పోవుచున్నారు.

విశాఖనుండి పడమర పోయిన అల్లూరి సీతారామరాజు జిల్లా కొండలు వచ్చును. అచ్చటి పల్లెలనుండి గర్భిణులను, రోగులను డోలీలలో మోసికొని రోడ్డుచేర్చిన వార్తలు నేటికిని వచ్చుచునే యున్నవి. ఒక కొయ్య, ఒక దుప్పటి, ఇద్దరు మనుష్యులు. వర్షకాలమున నడుమ వాగు. కైలాసగిరినుండి ఇది కొలదిగంటల ప్రయాణము. ప్రతి పల్లెకును గాజుగదులు కట్టుమని నేననను. మనుష్యులకు రోడ్డే మేలు. రోగి సుఖముగ పోవునది బండిలోనే. అయితే సరకుల మాట వేరు. నేపాళమున కొన్ని కొండపల్లెలవారు ఇంజను లేని తీగెత్రోవలను వాడుచున్నారు. పంటతో నిండి దిగుచున్న తొట్టి తన బరువుతోనే, తనకంటె తేలికైన సామానుగల రెండవ తొట్టిని పైకి లాగును. క్రిందనున్నవాడు బిరడాతో వేగము నాపును. మనుష్యు లందులో ఎక్కరాదు. పాడేరు కొండలలో కాఫీ, మిరియములు, పసుపు దిగవలసిన బరువులే. ఉప్పును బియ్యమును ఎక్కవలసినవే.