నాలుగు తాన్లు తక్కువ

మంట దగ్గరికి జరగరా అబ్బాయ్, మంచు పడుతోంది. అద్దకం గుడ్డలు అడిగిన ఆ నెదర్లాండ్స్ ఆవిడ బయానా పంపలేదనేగా నీ దిగులు? పెడన ఎక్కడుందో కూడా ఆమెకి తెలీదు. నువ్వెవరని నమ్మి పంపాలి చెప్పు.

ఆ దేశం వాళ్ళు మనకి కొత్తేం కాదు. 1605లోనే ఒలందా వాళ్ళు, అంటే ఆ దేశం వాళ్ళే, బందరులో వర్తకశాల పెట్టారు. 1611లో గ్లోబ్ అనే ఓడ మీద ఇంగ్లీషు కంపెనీ వాళ్ళు దిగారు. వలందపాలెం, ఇంగ్లీషుపాలెం, పరాసుపేట, ఇవన్నీ నువ్వు రోజూ తిరిగే చోట్లేగా. ఒలందా వాళ్ళు మన తీరపు గుడ్డలు పట్టుకెళ్ళి, తూర్పు దీవుల్లో లవంగాలూ జాజికాయలూ కొనేవాళ్ళు. అక్కడివాళ్ళు ఏ గుడ్డ పడితే అది పుచ్చుకునే రకం కాదు. ఒక్కో రేవుకి ఒక్కో అంచు, ఒక్కో పువ్వు. ఎరుపు మాత్రం ఎరుపే కావాలి. మన ఇసుక నేలల్లో చిరివేరు ఇచ్చే ఎరుపుకి అంత పేరు.

ఓడలు గాలివాటం చూసుకుని నడిచే రోజులు. గుడ్డ బాగాలేదన్న కబురు రావడానికే నెలలు పట్టేది. మధ్యలో నిలబడింది దళారి. కంపెనీ దగ్గర సొమ్ము తీసుకుని నేతగాళ్ళకి బయానాలిచ్చేవాడు, వచ్చిన సరుకుని నమూనా పక్కన పెట్టి చూసేవాడు. అతని మాట పోతే రెండువైపులా బేరం పోయేది.

మా నాన్న అద్దకం షెడ్డులో నేను కళ్ళారా చూసింది చెప్తాను. ప్రతి ఆర్డరుకీ మొదటి తానులోంచి జానెడు ముక్క కోసి రెండు చేసేవాడు. ఒకటి బొంబాయి షావుకారుకి, రెండోది తేదీ రాసి ట్రంకుపెట్టెలోకి. మూటలు కట్టేముందు రాత్రి ప్రతి తాను నుంచీ ఓ పీలిక తీసి, కుంకుడురసంలో ముంచి, తెల్ల మల్లుగుడ్డ మీద పరిచి పైన పొత్రం పెట్టేవాడు. తెల్లారి మల్లు మీద గులాబీ చార కనిపిస్తే ఆ తాను ఆగిపోయేది. ఓసారి లారీ వాకిట్లోకి వచ్చాక నాలుగు తాన్లు తీయించాడు. "నాలుగు తగ్గాయి, రంగు దిగుతోంది" అని తనే షావుకారుకి కార్డు రాశాడు. తర్వాతి ఆర్డరు నుంచి ఆయన సగం డబ్బు ముందే పంపడం మొదలెట్టాడు.

దివిసీమలో మీ చిన్నత్తవాళ్ళ రొయ్యల చెరువులకీ ఇదే నమ్మకం బాధ. 1997లో ఐరోపా వాళ్ళు శుభ్రత చాలదని మన రొయ్యల్నీ చేపల్నీ కొన్నాళ్ళు ఆపేశారు. తర్వాత యాంటీబయాటిక్ గొడవ. ఎవరో ఒక్కడు చెరువులో వేసిన మందుకి కంటైనరు మొత్తం వెనక్కి వస్తుంది, అందులో పక్కవాడి మంచి రొయ్యా ఉంటుంది. అందుకే ఐరోపాకి వెళ్ళే సరుకుకి పట్టుబడికి ముందే చెరువులో నమూనా తీసి పరీక్ష చేయిస్తున్నారు. రైతులు విసుక్కుంటారు గానీ, నాకది న్యాయంగానే తోస్తుంది. శ్రద్ధగా పెంచినవాడిని కాపాడేది ఆ పరీక్ష కాగితమే.

రేపు ఆమెకి ఫొటో పంపకు. ఫోనులో ఎరుపు వేరు, ఎండలో ఎరుపు వేరు. ఉతికిన ముక్కా ఉతకని ముక్కా పక్కపక్కన కుట్టి పోస్టులో పంపు. నీలం అనుకున్నదానికన్నా లేతగా వచ్చిందని నువ్వే ముందు రాయి. డబ్బు సంగతి ఆ ఉత్తరంలో ఎత్తకు.