చంద్రకాంత సాక్ష్యము

స్త్రీ క్షేత్రమనియు, పురుషుడు బీజమనియు, మొత్తముమీద బీజమే మేలనియు మనుస్మృతి నవమాధ్యాయమున గలదు. విత్తిన గింజను బట్టియే పైరు మొలచును గాని నేలను బట్టి కాదనుట యందలి యుపపత్తి. బిడ్డయందు తల్లికి గల పాలును తక్కువ చేయుటకు ఈ యుపమానము చిరకాలము ఊతగా నిలిచినది. ఉపమానము మొక్కలనుండి తెచ్చినది గావున మొక్కలనే సాక్ష్యమడుగుట న్యాయమని మేము తలచుచున్నాము.

1694లో జర్మను పండితుడు కమెరారియస్ పుప్పొడి సోకనిదే సరియైన గింజ పుట్టదని పరీక్షించి చూపెను. అనగా గింజ తండ్రి సొత్తు గాదు; అదియే తలిదండ్రుల బిడ్డ. క్షేత్రవాదమునకు మొదటి బీట యిక్కడనే పడినది.

1909లో కార్ల్ కారెన్సు మన పెరళ్లలో పూచు చంద్రకాంతను పరీక్షకు గైకొనెను. ఆకులపై తెలుపు మరకలు గల జాతి యది. అందు కొన్ని కొమ్మలు కేవలము పచ్చనివి, కొన్ని కేవలము తెల్లనివి. పచ్చని కొమ్మ పూవునకు ఏ కొమ్మ పుప్పొడి చేర్చినను పచ్చని మొలకలే వచ్చెను. తెల్లని కొమ్మ పూవునకు పచ్చని కొమ్మ పుప్పొడి చేర్చినను తెల్లని మొలకలే వచ్చి, గింజలోని యాహారము తీరగానే నశించెను. ఈ మొక్కలో పచ్చదనము తల్లి వెంటనే వచ్చుచున్నదని తేలెను. ఆ యేడే ఎర్విన్ బౌర్ జెరేనియములో అది యిరువురి నుండియు రాగలదని చూపెను. కాని పూలమొక్కలలో తల్లి త్రోవయే హెచ్చు.

ఇందులకు కారణము ఆకు కణములోని హరితరేణువు. దానికి స్వంత డి.ఎన్.ఏ. గలదని 1962లో రిస్, ప్లాట్ అనువారు నిదర్శనము చూపిరి. 1986లో జపాను శాస్త్రజ్ఞులు పొగాకు రేణువు డి.ఎన్.ఏ. క్రమమంతయు చదివిరి, అందలి జన్యువులు నూటికి కొంచెము మించినవి. వెలుతురు బలముతో నీటిని విడదీయు యంత్రమునకు నడుమ నుండు డి1 అను మాంసకృత్తు వీనిలో నొకదానిని బట్టి పుట్టును. అది రేణువులోపలనే, పొర నంటియున్న రైబోసోములపై తయారగుచు పొరలో నాటుకొనును. ఎండకు మాటిమాటికి చెడును. చెడినదానిని తీసి రేణువు క్రొత్తదానిని కూర్చును.

అయితే వెలుతురును పోగుచేసి యందించు మాంసకృత్తుల జన్యువులు కేంద్రకమున గలవు. అవి తలిదండ్రులిరువురి నుండియు వచ్చును. ఆ మాంసకృత్తులు రేణువు వెలుపల తయారగును. తొలుత వాని పరిమాణము హెచ్చని 1978లో ఆపెల్, క్లోప్‌స్టెక్ అనువారు బార్లీ మొలకలలో కనుగొనిరి. ఆ యదనపు తునుక దారిచీటి వంటిది. రేణువు గడప దాటిన పిమ్మట కత్తిరింపబడును. డి1 తోకను కత్తిరించు ఎంజైము సహితము కేంద్రకపు జన్యువు పంపినదే. ఆ తోక తెగిననే మాంగనీసు కుదురుకొని, నీరు విడివడును.

మొక్కనుండి మనుష్యధర్మమును తీయుట మా యుద్దేశము గాదు. స్త్రీల హక్కులకు ఆకుల యనుమతి యక్కరలేదు. కాని పైరును చూపి తల్లిని తక్కువ చేసినవారి వాదము ఆ పైరునందే నిలువలేదు. చంద్రకాంతలో తండ్రి పాలు లేక వెలుతురు పోగుపడదు. తల్లి పాలు లేక పోగుపడిన వెలుతురు పనికిరాదు.