గోదావరి దాకా రాని పుస్తకం

ఇంజనీరింగ్ మూడో ఏడాదిలో చరిత్ర ఎలక్టివ్ తీసుకున్నాను, మార్కులు సులువని. టర్మ్ పేపర్ గోదావరి ఆనకట్ట మీద. ఆధారాలన్నీ ఓ సీనియర్ పేపర్లోంచి ఎత్తినవే. అందులో ఒకటి 'ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము, గోదావరి'. పేజీ నంబరు లేదు. ఆ నంబరు కోసమే సుల్తాన్ బజార్‌లోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయానికి వెళ్లాను.

కౌంటర్లో పెద్దాయన నవ్వారు. "గోదావరి దాకా ఎక్కడొచ్చింది బాబూ అది?"

కొమర్రాజు లక్ష్మణరావు తలకెత్తుకున్న ఆ పని మూడు సంపుటాలయ్యేసరికి ఇంకా వర్ణమాల మొదట్లోనే ఉంది. 1923లో, 46 ఏళ్లకే, ఆయన పోయారు. మునగాల సంస్థానంలో దివాన్‌గిరీ చేస్తూనే ఇదంతా! 1901లో నేను నిలబడ్డ ఆ గ్రంథాలయాన్ని పెట్టినవాళ్లలో ఆయనా ఒకరు. ఆయన రాయని వ్యాసాన్ని ఆయన లైబ్రరీకే వచ్చి అడిగానన్నమాట.

ఆ లైను కొట్టేశాను. కానీ ఆనకట్ట 1852లో పూర్తయిందని కూడా రాశాను కదా, అదెక్కడిది? అప్పుడు పట్టుకున్నాను 1878 నాటి హెన్రీ మోరిస్ గోదావరి జిల్లా పుస్తకం. మిగతావీ ఒక్కోటే తెరిచి చూశాను.

ఎనిమిది ఆధారాల్లో మూడు మిగిలాయి. పేపర్ వారం లేటు, బి గ్రేడ్.