సర్ బనీ యాస్‌లో పగడపు గోడలు

పగడం అనగానే మనవాళ్ళకి ముందు గుర్తొచ్చేది కుజుడు, ఆ వెంటనే ఉంగరం. గల్ఫు తీరంలో పాతకాలపు ఇళ్ళు కట్టిన పగడం అది కాదు. ఇది తెల్లటి రాయి, తేనెపట్టులా చిల్లులు చిల్లులుగా ఉంటుంది. లోతు తక్కువ నీళ్ళలోంచి ముక్కలు కోసి తెచ్చి, కడిగి, ఉప్పు దిగేదాకా ఎండబెట్టేవారు. బరువు తక్కువ. చిల్లుల్లో గాలి నిలుస్తుంది కనక ఎండ వేడి తొందరగా లోపలికి రాదు. జిప్సం కాల్చి చేసిన ‘జుస్’తో రాళ్ళు పేర్చి, అదే పైన పూసేవారు. మన కోస్తా జిల్లాల్లో గుల్లసున్నం ఎలాగో అక్కడ అది అలాగ. కప్పుకి తూర్పు ఆఫ్రికా నుంచి పడవల్లో వచ్చిన మడచెట్ల దుంగలు వేసేవారు. దుంగ పొడుగెంతో గది వెడల్పు అంతే. దుబాయి బస్తాకియాలోనో, షార్జా పాతపేటలోనో గదులన్నీ ఇరుకుగా, పొడుగ్గా ఎందుకున్నాయని ఎప్పుడైనా అనుకుని ఉంటే, కారణం ఇదే.

ఆ ఇళ్ళు నూరు, నూటయాభై ఏళ్ళనాటివి. అదే పగడపు రాయి, దాంతో కలిపి సున్నపురాయీ వాడి ఇంకో వెయ్యేళ్ళకి పైగా ముందు కట్టిన చర్చి ఒకటి అబూధాబి ఎమిరేట్‌లో ఉంది. గల్ఫులో చర్చి అంటే పెట్రోలు తరవాత మన కేరళ సోదరులతోనో, ఫిలిప్పీన్స్ వాళ్ళతోనో వచ్చినదే అనుకుంటాం చాలామందిమి. పిల్లలకి సెలవులిచ్చినప్పుడు, జింకలనీ జిరాఫీలనీ చూపిద్దామని సర్ బనీ యాస్ ద్వీపానికి వెళ్ళేవాళ్ళు, కాస్త తూర్పు ఒడ్డువైపు కూడా వెళ్ళి రావాలి. అబూధాబి నుంచి పడమరగా జెబెల్ ధన్నా దాకా కారు, అక్కణ్ణించి పడవ. ద్వీపం 87 చదరపు కిలోమీటర్లు. షేక్ జాయెద్ దీన్ని వన్యప్రాణుల కోసం కేటాయించారు. 1992లో ఆయన ఆదేశంతోనే పురాతత్వవేత్తలు అబూధాబి ద్వీపాల సర్వే మొదలుపెట్టారు. దాని నాయకుడు జాఫ్రీ కింగ్.

మొదట దొరికినవి మామూలు ఇళ్ళే. నడుమ వాకిలి, చుట్టూ గదులు. తవ్వుతూ పోగా 1994లో గచ్చుతో పోసిన సిలువ ముక్కలు బయటపడ్డాయి. ద్రాక్షతీగలు, ఖర్జూరపు మట్టలు చెక్కిన అలంకారాలూ దొరికాయి. దాంతో ఇది ఒక మఠమనీ, నడిమధ్య తూర్పుకి తిరిగిన చర్చి ఉందనీ, చుట్టూ ఉన్నవి సన్యాసుల గదులనీ తేలింది. ముప్పై నలభై మంది ఉండేవారని అంచనా. కాలం విషయంలో మొదట సుమారు 600 అన్నారు. తరవాత కుండపెంకులు మళ్ళీ పరిశీలించి, ఏడో శతాబ్దం చివరినుంచి ఎనిమిదో శతాబ్దం నడుమదాకా అని సవరించారు. ఈ సవరణ చిన్నది కాదు. మొదటి లెక్క ప్రకారం ఇది ఇస్లాముకి ముందు కట్టిన చర్చి. రెండో లెక్క ప్రకారం ఇస్లాము వచ్చి స్థిరపడిన తరవాత కూడా ఇక్కడ గంజి కలిపి, గచ్చు పోసి, సిలువలు చేయించుకున్న మనుషులున్నారు.

వీళ్ళు రోముకి చెందినవాళ్ళు కాదు. తూర్పు సంఘంవాళ్ళు. పాత పుస్తకాలు నెస్టోరియన్లంటాయి. కేంద్రం ఇరాక్, భాష సిరియాక్. కువైట్‌లోని ఫైలకా, ఇరాన్‌లోని ఖర్గ్, సౌదీలో జుబైల్ – ఈ గల్ఫు పొడవునా వాళ్ళ చర్చిల శిథిలాలున్నాయి. 676లో దారీన్ ద్వీపంలో మహాసభ కూడా జరిపారు. ఎమిరేట్స్‌లోనే ఇంకో మఠం, ఉమ్ అల్ కువైన్ దగ్గర సినియా ద్వీపంలో బయటపడిందని 2022లో ప్రకటించారు. మనకి దగ్గరి ఆనవాలు కావాలంటే మద్రాసు పరంగిమలై ఎక్కాలి. 1547లో పోర్చుగీసువాళ్ళు పునాదులు తవ్వుతుంటే పహ్లవీ లిపి చెక్కిన రాతి సిలువ దొరికింది కదా, అది ఈ సంఘంవారిదే. పర్షియా ఓడ వచ్చిన రేవుకల్లా ఈ సంఘమూ చేరిందన్నమాట.

సుమారు 750 నాటికి ఈ మఠం ఖాళీ అయింది. తగలబెట్టిన గుర్తుల్లేవు, కొట్టివేసిన గుర్తుల్లేవు. వెళ్ళిపోయారు, అంతే. కప్పు కూలింది, ఇసక కమ్మింది. నాకు అక్కడ నిలబడ్డప్పుడు మనసు పట్టుకున్నది ఇదే. మన ఊళ్ళలో పాడుపడిన గుడి చూస్తే ఎవరు పడగొట్టారని అడుగుతాం. ఇక్కడ ఆ ప్రశ్నకి జవాబు లేదు. దుబాయి ఊద్ మేథాలోని చర్చి ఆవరణలో తెలుగు ప్రార్థన ముగిశాక చెట్టుకింద పులిహోర పొట్లాలు పంచుకునేవాళ్ళని చూశాను. మన ఉగాది సభలు కూడా అద్దెహాళ్ళలోనే కదా జరిగేవి. వీసా ముగిస్తే ఎవరు ఎటు వెళతారో తెలీదు.

ఇప్పుడు మరమ్మతు సంగతి. పగడపు రాతికి శత్రువులు రెండు. ఒకటి నెమ్మదిగా చంపేది: ఉప్పు. నేలలోంచి తేమ గోడలోకి పాకుతుంది, ఎండకి నీరు ఆవిరై ఉప్పు చిల్లుల్లో గడ్డకట్టి, రాతిని లోపలినుంచి పొడి చేస్తుంది. పైన సిమెంటు పూస్తే తేమ బయటికి పోలేక ఇంకా తొందరగా పాడవుతుంది. గట్టిదని సిమెంటు పూసి పాత గోడల్ని చంపడం మన దేవాలయాల్లోనూ చూస్తున్నాం. రెండోది భూకంపం. 2013 ఏప్రిల్‌లో ఇరాన్‌లో 7.7 తీవ్రతతో భూమి కంపిస్తే దుబాయి టవర్లు ఊగి, మేమంతా మెట్లు దిగి రోడ్డు మీద నిలబడ్డాం. అదే ఏడాది అక్టోబరు 15న ఫిలిప్పీన్స్‌లో బోహోల్ ద్వీపాన్ని 7.2 భూకంపం కుదిపింది. స్పెయిన్ కాలపు పగడపు రాతి చర్చిలు, లోబోక్, లూన్ లాంటివి, కుప్పకూలాయి. బక్లయోన్ ముందు మండపం, గంట గోపురం దెబ్బతిన్నాయి. మా ఆఫీసులో ఫిలిప్పీన్స్ వాళ్ళు ఆ వారమంతా ఫోన్లు చెవినుంచి తియ్యలేదు. శిథిలాల్లోంచి రాళ్ళు ఏరి, ఏది ఎక్కడిదో తేల్చుకుని, లోబోక్, లూన్ చర్చిలు 2021లో మళ్ళీ తెరిచారు. ఎనిమిదేళ్ళు పట్టింది. 2025 సెప్టెంబరు 30న సెబూలో మళ్ళీ 6.9 వచ్చి, దాన్‌బంతాయన్‌లోని పగడపు రాతి చర్చి దెబ్బతింది. అక్కడ ఈ పని అయిపోయేది కాదు.

సర్ బనీ యాస్ చూసొచ్చినవాళ్ళు కొందరు, “ఏముందండీ, పునాదులూ, పొట్టి గోడలూ తప్ప” అని పెదవి విరిచారు. బోహోల్‌లోలాగా తిరిగి కట్టెయ్యొచ్చు కదా అని వాళ్ళ వాదన. నేను ఒప్పుకోను. బోహోల్‌లో పాత ఫోటోలున్నాయి, ఆ చర్చిలో పెళ్ళి చేసుకున్న ముసలివాళ్ళున్నారు, ఆదివారం వచ్చి కూర్చునే ఊరుంది. సర్ బనీ యాస్‌లో వాడకందార్లు పోయి పన్నెండొందల ఏళ్ళు దాటింది. మా వృత్తిలో, కాగితాలేవీ లేని పాత ప్రోగ్రామ్‌ని ఊహమీద కొత్తగా రాసి దానికి పాత పేరే పెడితే ఎవరూ మెచ్చుకోరు. ఇక్కడివాళ్ళు ఆ పని చెయ్యలేదు. 2010లో సందర్శకుల్ని రానిచ్చారు. 2019లో పైన ఎండావానా తగలకుండా కప్పు వేసి, నడవడానికి బాట వేసి మళ్ళీ తెరిచారు. గోడలు దొరికినంతే ఉన్నాయి.

అన్నీ ఇలాగే జరిగాయని కాదు. బస్తాకియాలో సగం పేటని 1980లలో కూల్చేశారు. 1989లో బ్రిటన్ యువరాజు చార్లెస్ వచ్చి ఆసక్తి చూపడం మిగతా సగాన్ని కాపాడుకోవడానికి అక్కరకొచ్చింది. 2012లో దాని పేరు అల్ ఫహీదీ అని మార్చారు. రస్ అల్ ఖైమాలో అల్ జజీరా అల్ హమ్రా అని ముత్యాల బెస్తల ఊరు, 1968లో జనం అబూధాబికి తరలిపోగా మిగిలింది. అక్కడ పగడపు గోడల్ని ఇప్పుడు మరమ్మతు చేస్తున్నారు. ఆ ఊరి మనుషుల మనవలు అబూధాబిలో ఉన్నారు. చెప్పేవాళ్ళున్నారు కనక ఏ ఇల్లు ఎవరిదో తెలుస్తుంది.

సర్ బనీ యాస్‌లో 2025 జనవరిలో, ముప్పై ఏళ్ళ తరవాత మళ్ళీ తవ్వకం మొదలైంది. ఈసారి మఠానికి పక్కనున్న ఇళ్ళు తవ్వారు. పెద్ద సన్యాసులు ఒంటరిగా ఉండటానికి కట్టుకున్నవని అనుకుంటున్నారు. అవీ సున్నపురాయి, పగడమే. ఆగస్టులో ఒక గచ్చు పలక బయటపడిందని ప్రకటించారు. 27 సెంటీమీటర్ల పొడవు, 17 వెడల్పు, మందం రెండు. మధ్య సిలువ, దాని కింద మెట్లు మెట్లుగా గొల్గొతా కొండ, మొదట్లోంచి చిగురిస్తున్న ఆకులు.